చప్పుడు లేని బండి

జూన్ 4

ఒరేయ్ స్పానరూ,

నువ్వు పంపిన బండి ఒక్క గీత కూడా పడకుండా చేరింది. ముందు ఆ మాట చెప్పేస్తే నీ ప్రాణం కుదుటపడుతుందని మొదటి వాక్యంలోనే రాశాను. మీ బావ పోయి మూడేళ్ళయినా ఆయన పెట్టిన ఆ పేరుతోనే పిలుస్తున్నాను చూడు. యాభై దగ్గరపడుతున్నా నీకు చేతిలో స్పానరు లేకపోతే ఏమీ తోచదని నాకు తెలుసు.

లారీ డ్రైవరు గేటు దగ్గర అరగంట నిలబడి బాదాడట. నేను వెనక నారుమళ్ళలో ఉన్నాను. చివరికి గోడ దూకి వచ్చి నా ఎదురుగా నిలబడేసరికి గుండె ఆగినంత పనైంది. "ఎంతసేపు పిలవాలమ్మా, గొంతు పోయింది నాకు!" అన్నాడు. నాలుగు కీరదోసకాయలు చేతిలో పెడితే చల్లబడ్డాడు.

బండి ముచ్చటగా ఉంది. వెనక తొట్టికి మూడు వైపులా తలుపులు కిందికి పడతాయి కాబట్టి బుట్టలు దింపడానికి నడుం విరగ్గొట్టుకోనక్కర్లేదు. కొత్తకోడలని పేరు పెట్టాను. మన డీజిలు బండి గురకరాజును షెడ్డు వెనక్కి తోయించాను. దాని గేరుబాక్సు ఇక లేవదని నువ్వే తేల్చావు కదా. అయినా తోస్తుంటే ఏడుపొచ్చింది. డ్రైవరు సీట్లో మీ బావ కూర్చున్న గుంట అలాగే ఉంది.

మొదటి రోజే ఒక ఘనకార్యం చేశాను. మన అమ్మకం పద్ధతి నీకు తెలుసు. ఆరూ నలభైకి మొదటి వీధి, ఏడింటికి రెండోది, ఏడూ ఇరవైకి మూడోది. వీధి మొదట్లో బండి ఆపుకుని కూర్చోవడమే. కేకలు ఉండవు, హారను ఉండదు. కూరలు మంచివైతే అరవడమెందుకు అనేవాడు మీ బావ. మన టైము చూసి జనం గడియారాలు సరిచేసుకుంటారని ఆయన గొప్ప. సరే, రెండో వీధిలో బండి ఆపి, ఇంజను ఆరిపోకుండా తొక్కే పాత అలవాటుతో కాలు కాస్త నొక్కాను. కొత్తకోడలు ఒక్క గంతు వేసి సెలూను బయట బెంచీని పడగొట్టింది. గడ్డానికి సబ్బు రాయించుకున్న మనిషి ఆ సబ్బుతోనే రోడ్డెక్కాడు. సెలూను యజమాని చేతులు ఊపుతూ చాలాసేపు ఏదో అన్నాడు. నేను తలూపి వచ్చేశాను.

వేళకి తిను. ఆ గదిలో ఒక్కడివే ఉన్నావని ఉప్పుకీ కారానికీ లెక్కలేకుండా వండుకోకు.

నీ అక్క


జూన్ 11

బెంచీలు కూలగొట్టే అక్కకి,

నీ ఉత్తరం వర్క్‌షాపులో అందరికీ చదివి వినిపించాను. సబ్బు మనిషి దగ్గర మా ఫోర్‌మన్ కింద కూర్చుండిపోయాడు. ఇప్పుడు నవ్వడం ఆపి నా మాట విను. కరెంటు బండికి ఇంజను ఆరిపోవడం అనేదే ఉండదు. బండి ఆపితే తాళం తిప్పెయ్, లేకపోతే అది నీ కాలి కోసం కాచుకునే ఉంటుంది.

ఛార్జింగు పెట్టే సాకెట్టుకి విడిగా లావు వైరు వేయించు. నీటి మోటారు లైన్లోంచి మాత్రం లాగొద్దు. సాకెట్టు మీద చెయ్యి పెట్టి చూడు, వేడెక్కితే ఆపేసి ఎలక్ట్రీషియన్ని పిలువు. కాగితం మీద ఈ బండి ఒక్క ఛార్జింగుకి నూట పది కిలోమీటర్లు పోతుంది. కాగితం మీద నేను కూడా ఆరడుగులు ఉంటాను. ఆరువందల కిలోల బరువుతో, మీ కాలవ గట్టు ఎక్కి దిగుతూ ఉంటే డెబ్బై వస్తుంది. నీ తిరుగుడు మొత్తం ముప్పైకి మించదు కాబట్టి నిశ్చింతగా ఉండు. గట్టు దిగేటప్పుడు కాలు తీసెయ్, బండి తనంతట తనే నెమ్మదిస్తూ కాస్త కరెంటు వెనక్కి తెచ్చుకుంటుంది.

అన్నిటికన్నా నీకు సుఖం ఆ నిశ్శబ్దం. ఇన్నేళ్ళూ గురకరాజు పక్కన కూర్చుని చెవులు చిల్లులు పడ్డాయి కదా, ఇప్పుడు తోటలో ఏ పిట్ట కూసినా వినపడుతుంది. ఏయే పిట్టలు వినపడుతున్నాయో రాయి. ఇక్కడ నా గది కిందంతా బండ్లే. సాయంత్రం షట్టరు వేశాక ఒక్కో బండి మీద ఒక్కో ఆకుపచ్చ ఛార్జింగు దీపం వెలుగుతుంటుంది. కిటికీలోంచి వాటిని లెక్కపెడుతూ అన్నం తింటాను. నిన్న పదిహేడు.

ఆదివారం ఆరింటికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎప్పటిలాగే. ఒక్కసారి ఎత్తవే.

నీ స్పానరు


జూన్ 19

చిరంజీవికి,

నువ్వు చెప్పినట్టు లావు వైరు వేయించాను. సాకెట్టు మీద పొద్దునా సాయంత్రం జ్వరం చూసినట్టు చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఇప్పటిదాకా చల్లగానే ఉంది.

పొలం పనికి దీనికి సాటి లేదు. పేడ ఎరువు ఎనిమిది తట్టల చొప్పున గురకరాజుతో మోస్తే పూట పట్టేది. ఇది టిఫిను వేళకే ముగించి నా మొహం చూస్తోంది. మొన్న వానకి కాలవ గట్టు జారుడుబండలా తయారైంది. గురకరాజైతే చక్రాలు తిప్పుకుంటూ అక్కడే బురద తవ్వేది. ఇది నెమ్మదిగా, పట్టుకుని పట్టుకుని ఎక్కేసింది. బీన్సు సాళ్ళ మధ్య నడకతో సమానంగా పోతుంటే పక్కన నడుస్తూ బుట్టలు వేసుకుంటున్నాను. తొట్టి పక్కనున్న ప్లగ్గుకి ఫ్యాను తగిలించి ఉల్లిపాయలు ఆరబెట్టాను, నీకు కూడా తట్టని ఉపాయం. ఒక్కటే లోపం, వెనక బరువు ఎక్కువైతే ఛార్జింగు ముల్లు ఒక్కోసారి గభాలున పడిపోతుంది, భయమేస్తుంది. మళ్ళీ చదునుకి వస్తే కుదురుకుంటుంది.

పిట్టలు బాగానే వినపడుతున్నాయి. గోరింకలు ఎక్కువ.

ఫోను మాటలు నాకు పొసగవురా. మెసేజీలంటావు, చీమ తలకాయంత అక్షరాలు నా కళ్ళకి ఆనవు. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు. నీది డ్రాయరులో పెట్టాను, ఇప్పటికే మడతలు నలిగాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి. వీధుల్లో జనం కాస్త తగ్గారు. మొదటి వీధిలో పదిమంది వచ్చేచోట నలుగురు వస్తున్నారు. రెండోదాంట్లో నిన్న ఇద్దరే. వానలని అనుకుంటున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఒక లారీవాడు పక్కనుంచి దూసుకుపోతూ కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టాడు. నేనేం చేశానో నాకు తెలియదు.

నీ అక్క


జూన్ 27

అక్కా,

ఉల్లిపాయల ఫ్యాను సంగతి మా ఫోర్‌మన్ గోడ మీద రాసి పెట్టాడు. కొనడానికి వచ్చిన రైతులకి చెబుతున్నాడు. నీ పేరు అడిగితే మా అక్క అని చెప్పాను.

జనం తగ్గడం వాన వల్లే అయ్యుంటుంది. కొత్త దుకాణమేదైనా తెరిచారేమో చూడు. టైము తప్పుతున్నావా? ఛార్జింగు మీద భయంతో నెమ్మదిగా వెళ్తున్నావేమో. భయపడక్కర్లేదని చెప్పానుగా.

ఎవరినైనా ఒకరిని ఆపి అడగొచ్చు కదా, ఎందుకు రావడం లేదని. నువ్వు చిన్నప్పుడు వీధంతా వినపడేట్టు మాట్లాడేదానివి. ఇప్పుడు ఉత్తరంలో తప్ప ఎక్కడా మాట్లాడుతున్నట్టు లేదు.

ఇంకో మాట రాద్దామని కూర్చున్నాను. మూడుసార్లు రాసి కొట్టేశాను. నా మీద నీకు కోపం ఉందని నాకు తెలుసు. బండి పంపితే అది పోతుందని కాదు. అయినా పంపాను. ఆదివారం మళ్ళీ ఫోను చేస్తాను, ఎత్తకపోయినా సరే.

తమ్ముడు


జులై 9

ఒరేయ్,

ఏ కోపం గురించి రాశావో నాకు అర్థం కాలేదు. నీ మీద నాకు కోపమెందుకు? పిచ్చి పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. నాకిక్కడ వేరే దిగులుతో సరిపోతోంది.

వాన ఆగి పది రోజులైంది. జనం రావడం లేదు. టైము తప్పానంటావా, మీ బావ చేతి గడియారం పెట్టుకుని మరీ వెళ్తున్నాను. ఆరూ నలభై అంటే ఆరూ నలభై. వీధి మొదట్లో ఆపుకుని కూర్చుంటాను. తలుపులు వేసే ఉంటాయి. ఒక్కో ఇంటి కిటికీలో మనుషులు కనపడతారు, కాఫీ తాగుతూ, తల దువ్వుకుంటూ. ఎవరూ ఇటు చూడరు. ఇరవై నిమిషాలు కూర్చుని తర్వాతి వీధికి వెళ్తాను. మూడో వీధిలో ఎదురుపడిన ఒకావిడ నన్ను చూసి ఉలిక్కిపడి, ఏదో అని, ఇంట్లోకి వెళ్ళిపోయింది. బుట్ట తెస్తుందేమోనని చూశాను. నేను కదిలేదాకా రాలేదు.

నిన్న ఒక క్యాబేజీ, రెండు కట్టల ఆకుకూర అమ్ముడుపోయాయి. మిగతా బరువంతా వెనక్కి తెచ్చి ఎరువు గుంటలో పోశాను. చేత్తో పెంచిన టమాటాలు గుంటలో పోయడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

నాకు తోచింది ఇది. సెలూను బెంచీ దగ్గర నన్ను చూసి జనం బెదిరిపోయి ఉండాలి. లేదా తెల్లగా మెరిసే ఈ బండిని చూసి, ఈవిడకి మన అవసరం తీరిపోయిందిలే అనుకుంటున్నారు. తుప్పుబండిలో తిరిగినన్నాళ్ళూ నేను వాళ్ళ మనిషిని. లేదా ఇన్నేళ్ళూ వాళ్ళు వచ్చింది మీ బావ కోసం. ఆయన పోయాక మూడేళ్ళు మొహమాటానికి వచ్చారు. మొహమాటానికైనా ఒక హద్దుంటుందిగా.

పొద్దున్న ఆ గంటా గంటన్నరే నేను మనుషుల్ని చూసేది. మిగతా రోజంతా బీన్సు తీగలూ నేనూ. ఆ గంటన్నర కూడా లేకపోయేసరికి మీ బావ లేడన్న సంగతి రోజూ కొత్తగా తెలుస్తోంది. ఏడుస్తున్నానని అనుకోకు. ఏడ్చి ముగించాకే రాస్తున్నాను.

నెలాఖరుకి తిరుగుడు మానేస్తాను. గుత్తగా కొనేవాళ్ళ లారీ గేటు దగ్గరికే వస్తుందట, బుట్టలు ఎక్కించుకుని పోతుంది, మాటా పలుకూ అక్కర్లేదు. అప్పుడు ఈ బండితో పని లేదు. నీ వర్క్‌షాపుకి తిరిగి పంపుతాను. మంచి బండి, పనిచేసేవాళ్ళ చేతిలో ఉండాలి.

అక్క


జులై 15

అక్కా,

బండి వెనక్కి పంపుతాననే వాక్యం చదివి స్టూలు మీద కూర్చుండిపోయాను. జనం రాకపోవడం ఒక సాకు, అసలు సంగతి వేరే అని నాకు అర్థమైంది. నా చేతి మీదుగా వచ్చింది నీ ఇంట్లో ఉండటం నీకిష్టం లేదు. ఏ కోపం అని అమాయకంగా అడిగావు. సరే, నేనే చెబుతాను. మూడేళ్ళుగా మనిద్దరం దీని చుట్టూ తిరుగుతున్నాం.

బావ పోయిన కబురు నాకు మూడు రోజులు ఆలస్యంగా అందింది. దూరంగా గనుల దగ్గర బండ్లు బాగుచేసే పని మీద ఉన్నాను, నీకు తెలుసు. నేను రాలేదని అందరికీ తెలుసు. నేను వచ్చానని నీకూ నాకూ మాత్రమే తెలుసు.

నాలుగో రోజు పొద్దున గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వు పంపు దగ్గర నాకు వీపు పెట్టి ఖాళీ బుట్టలు కడుగుతున్నావు. "అక్కా" అన్నాను. నువ్వు కడుగుతూనే ఉన్నావు. మళ్ళీ పిలిచాను. మూడోసారి గట్టిగా, గేటు ఊపి మరీ పిలిచాను. పంపు పారడం లేదు, గాలి కూడా లేదు. పదడుగుల దూరం. నీ చెయ్యి ఒక్క క్షణమైనా ఆగలేదు. బుట్ట తిప్పి రెండో వైపు కడిగావు.

నాకు అర్థమైంది. అవసరానికి రానివాడు తర్వాత వస్తే ఏమిటి అని నువ్వు అనుకున్నావు. అలా అనుకునే హక్కు నీకుంది. లోపలికి వచ్చి కాళ్ళ మీద పడాల్సింది. పడలేదు, తిరిగి బస్సెక్కాను. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా నువ్వు ఫోను ఎత్తలేదు. ఉత్తరాలు మాత్రం ఏమీ జరగనట్టు రాస్తావు. తిట్టవు. తిడితే నాకు కొంచెం బతకడం వీలవుతుంది.

బండి పంపెయ్. మా ఫోర్‌మన్‌కి చెప్పి ఉంచుతాను.

తమ్ముడు


జులై 16

ఒరేయ్ స్పానరూ,

అర్జెంటుగా రాస్తున్నాను, నా పరువు పోయే సంగతి.

రెండో వీధి చివర మిషను కుట్టే ఆవిడ ఉందిగా, అందరూ మిషనమ్మ అంటారు. ఇవాళ మధ్యాహ్నం తోటకి నడుచుకుంటూ వచ్చేసింది. రెండు మైళ్ళు! నేను బెండ మొక్కలకి మట్టి ఎగదోస్తుంటే వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. గబగబా ఏదో అడిగింది. ఆవిడ నోట్లో గుండుసూదులు పట్టుకుని మాట్లాడే అలవాటు మనిషి, పెదాలు సరిగా తెరవదు. నేను తలూపాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ తలూపాను. నా మొహంలోకి అలా కాసేపు చూసి, చేతి సంచీలోంచి బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క తీసి, నేరుగా కొత్తకోడలి దగ్గరికి వెళ్ళి తొట్టి తలుపు మీద ఇంతింత అక్షరాలతో రాసింది.

"రోజూ వస్తున్నారా?"

అవునన్నాను. నోరెళ్ళబెట్టింది. మళ్ళీ రాసింది.

"మీరు మానేశారనుకున్నాం. బండి వచ్చినట్టు మాకు వినపడటం లేదు."

గడియారం చూసి వచ్చేవాళ్ళు కదా అన్నాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, మిగిలిన చోటంతా నింపేసింది. "గడియారం ఎవరు చూశారమ్మా! మీ పాత బండి గురక రెండు వీధుల అవతల నుంచి వినపడేది. అది వినపడితే బుట్ట తీసుకునేవాళ్ళం."

మీ బావ ఇన్నేళ్ళు చెప్పుకున్న గొప్ప అంతా ఒక సుద్దముక్కతో పోయిందిరా. ఆయనుంటే ఒప్పుకునేవాడు కాదు. 

జులై 20

పై ఉత్తరం అక్కడిదాకా రాసి ఆపేశాను. మిగతాది నీకు రాయాలా వద్దా అని నాలుగు రోజులు తిరిగాను. ఇవాళ నీ ఉత్తరం వచ్చింది.

నువ్వు వచ్చావా?

గేటు దగ్గర నిలబడ్డావా? మూడుసార్లు పిలిచావా?

నాన్నా, నాకు వినపడదురా. మీ బావ పోవడానికి ముందు ఏడాది నాకు జ్వరం వచ్చి నెల పడుకున్నాను కదా, అప్పుడు మొదలైంది. ఆరు నెలల్లో మొత్తం పోయింది. డాక్టరుకి చూపించాం, నరం ఎండిపోయింది, చెవికి మిషను పెట్టినా లాభం లేదన్నాడు. మీ బావకి తప్ప ఎవరికీ తెలియదు. వీధుల్లో మాటలన్నీ ఆయనే మాట్లాడేవాడు, నేను తూకం చూసుకునేదాన్ని. ఆయన పోయాక మనుషుల పెదాలు చూసి, కూర వైపు చూపించే వేలు చూసి నెట్టుకొస్తున్నాను. పొగరనుకుని ఉంటారు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు బండి తాళం లాక్కుంటావు. చెవుడున్న మనిషి రోడ్డు మీద బండి తోలడమేమిటి అంటావు. ఆ తాళం పోతే వీధులు పోతాయి, వీధులు పోతే నాకు మనుషులే లేరు. అందుకని పిట్టలు కూడా వినపడుతున్నాయని రాశాను. గోరింకలు చెట్టు మీద కనపడ్డాయి, అంతే.

బండికి చప్పుడు ఉండదని నువ్వు రాశావు. చదివాను, అర్థమైంది కూడా. కానీ నాకు గురకరాజు కూడా అప్పటికే మూగది. సీటు అదురుతుంటే బతికే ఉందని తెలిసేది, అంతవరకే. నాకు వినపడనిది ఊరందరికీ వినపడుతోందని మర్చిపోయాను.

ఫోను అల్మరా మీద ఉంటుంది. ఆదివారం ఆరింటికి దాని మీద నీ పేరు వెలుగుతుంది. వణుక్కుంటూ కాస్త కాస్త పక్కకి జరుగుతుంది. ఆరిపోయేదాకా ఎదురుగా నిలబడి చూస్తాను. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. ఎత్తితే తెలిసిపోతుందని ఎత్తలేదు.

నాలుగో రోజు, నా తమ్ముడు రాలేదే, ఒక్కడే ఉన్నాడు నాకు, వాడూ రాలేదే అనుకుంటూ ఆ బుట్టలు కడిగాను. ఏం చెయ్యాలో తోచక, కడిగినవే మళ్ళీ కడిగాను. పదడుగుల దూరంలో ఉన్నావన్నమాట.

ఇక తాళం సంగతి నువ్వు ఏమంటే అది.

అక్క


జులై 28

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు పనికి వెళ్ళలేదు. ఎందుకో రాయను, నీకు తెలుసు.

మూడో రోజు చెవుల్లో దూది కుక్కుకుని, పైన మైనం పెట్టి, ఆపైన రుమాలు కట్టుకుని నీ బండి లాంటి బండెక్కాను. ఫోర్‌మన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరు చివర రోడ్డు మీద నాలుగు గంటలు తిప్పాను. ముందు నుంచి వచ్చేవాటితో ఇబ్బందేం లేదు. వెనక నుంచి వచ్చే లారీ సంగతి అది పక్కకి వచ్చేదాకా తెలియలేదు. ఫోర్‌మన్ ఒకసారి స్టీరింగు లాగేశాడు కూడా. ఇప్పుడున్న అద్దాలు చాలవు. వెనక్కి పోయేటప్పుడు మనిషి అడ్డం వచ్చి అరిచినా నాకు తెలియలేదు. బండి చప్పుడు వాళ్ళకి వినపడదు, వాళ్ళ కేక నాకు వినపడదు. నువ్వు ఏడు వారాలు ఇలాగే తిరిగావు.

అయినా తాళం లాక్కోను. లైసెన్సు ఆఫీసులో అడిగాను. వినపడనివాళ్ళకి కూడా ఇస్తారట, చెవుల సంగతి దాచకుండా రాసిచ్చి, అద్దాలు పెట్టించుకుని, పరీక్ష మళ్ళీ ఇవ్వాలి. అంతవరకు పొలం దాటకు. ఈ ఒక్క మాట విను.

పార్సిలులో మూడు అద్దాలున్నాయి. వెడల్పుగా ఉన్నవి రెండు పక్కలకి, గుండ్రటిది తొట్టి వెనక మూలకి. బోల్టులు విడిగా కట్టాను, ఎలక్ట్రీషియన్ చేత బిగించు. వెనక్కి పోవాల్సి వస్తే ముందు దిగి చూడు, ఎన్నిసార్లయినా సరే.

పాతసామాను కొట్లో దొరికిన ఇత్తడి గంట కూడా ఉంది. పాట వాయించే కరెంటు పెట్టె పెడదామా అని ముందు ఆలోచించాను. అది చెడిపోతే నీకు తెలియదు, మళ్ళీ ఖాళీ వీధిలో కూర్చుంటావు. గంటైతే నీ ఎడమ చేతి దగ్గర బిగుస్తుంది. తాడు లాగి, దాన్ని మోసే ఇనపపట్టీ మీద అరచెయ్యి పెట్టు. వణికితే మోగినట్టు. నేను దూది పెట్టుకునే చూశాను, మోచేతి దాకా తెలుస్తుంది.

పంట సీజను అయ్యేదాకా ఇక్కడ సెలవు ఇవ్వరు. ముప్పైయొక్క బండ్లు క్యూలో ఉన్నాయి. వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడి పిలవను. లోపలికి వచ్చేస్తాను.

స్పానరు


ఆగస్టు 20

ఒరేయ్ స్పానరూ,

పరీక్ష పాసయ్యాను. ఆఫీసరు పక్కన కూర్చుని చేతి సైగలతో అటు ఇటు తిప్పించాడు. వెనక్కి పొమ్మన్నప్పుడు నేను బండి ఆపి, దిగి, వెనకంతా చూసి, మళ్ళీ ఎక్కాను. మళ్ళీ పొమ్మన్నాడు. మళ్ళీ దిగాను. మూడోసారి ఆయనే వద్దులెమ్మని సంతకం పెట్టాడు.

సోమవారం ఆరూ నలభైకి మొదటి వీధి. గడియారం ఎందుకని అనకు, మీ బావ మీద గౌరవం. తాడు లాగి పట్టీ మీద చెయ్యి పెట్టాను. వణికింది. చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. చెయ్యి తియ్యడానికి భయమేసి అలాగే పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఒక తలుపు తెరుచుకుంది. అటు పక్క ఇంకొకటి. ఒకాయన చొక్కా సగం తొడుక్కుని వచ్చేశాడు. బుట్టలు మర్చిపోయి వచ్చి, మళ్ళీ వెనక్కి పరిగెత్తి తెచ్చుకున్నారు. మిషనమ్మ ముందే అందరికీ చెప్పిందిట, నా ఎదురుగా నిలబడి, నెమ్మదిగా మాట్లాడుతున్నారు. ఆవిడ నోట్లోంచి గుండుసూదులు కూడా తీసింది. తొట్టి తలుపు మీద ఆవిడ సుద్ద రాతలు నేను కడగలేదు. జనం దాని కిందే ఏం కావాలో రాస్తున్నారు. అర కిలో వంకాయలు, లేతవి. అలా.

అందరూ రాలేదు. ఈ రెండు నెలల్లో కొందరికి వేరేచోట అలవాటైపోయింది. మూడో వీధిలో నలుగురే. సెలూను యజమాని బయటికి వచ్చి, బెంచీని రెండడుగులు వెనక్కి జరుపుకుని, లోపలికి వెళ్ళిపోయాడు. తొట్టిలో మూడో వంతు మిగిలింది. ఇంటికి వచ్చాక మళ్ళీ బీన్సు తీగలూ నేనూ. అది మారలేదు, మారుతుందని నేనూ అనుకోవడం లేదు.

బండి వెనక్కి పంపడం లేదని మీ ఫోర్‌మన్‌కి చెప్పు.

గురకరాజు సీటు పీకించి కొత్తకోడల్లో వేయించుకున్నాను. మీ బావ గుంటలో నేను సరిపోవడం లేదు, కింద దిండు పెట్టుకున్నాను.

సీజను అయ్యాక వస్తానన్నావు, మంచిది. అందాకా ఒక పని చెయ్యి. ఆదివారం ఆరింటికి ఎప్పటిలాగే ఫోను చెయ్యి. ఇకనుంచి దాన్ని అల్మరా మీద పెట్టను. అరచేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చుంటాను. ఈసారి ఎత్తుతాను. నువ్వు చెప్పేది నాకు వినపడదు, చెప్పాల్సింది ఉత్తరంలో రాయి. నేను నాకు తోచింది మాట్లాడి పెట్టేస్తాను, నా గొంతు ఎలా ఉందో నువ్వు రాయి. నాలుగేళ్ళయింది నేను విని.

ఒక్కటి గుర్తుపెట్టుకో. నేను వెంటనే ఎత్తకపోతే కోపమనుకోకు. కాసేపు చేతిలో వణకనిస్తాను. అంతసేపూ గేటు దగ్గర నిలబడి పిలుస్తూ ఉండు.

నీ అక్క